మధ్యమ పురుషకు బీమా ఉన్నదా?

ముందుగా ఒక అక్షరం సంగతి. అరకులోనూ, పాడేరులోనూ వాహనాల కాగితాలు చూసిపెట్టే దుకాణాల బోర్డుల మీద తరచుగా 'భీమా' అని కనబడుతూ ఉంటుంది. సరియైన రూపం 'బీమా'. హిందుస్తానీ నుండి మనకు చేరిన మాట అది. భీమసేనుడితో దానికి ఎట్టి చుట్టరికమూ లేదు. ముప్పై అయిదేళ్ళు ఎర్రసిరాతో ఒత్తులు దిద్దిన చెయ్యి గనుక, ఆ బోర్డు చూసినప్పుడల్లా జేబులో కలం కదులుతుంది. అయినా ఆ ఒత్తు పెట్టినవారి మనసు నాకు తెలియకపోలేదు. ఆపద వచ్చిన నాడు గద భుజాన వేసుకుని అడ్డం నిలిచేవాడు ఒకడుండాలని మనిషి కోరిక. ఆ కోరికే అల్పప్రాణాన్ని మహాప్రాణం చేసినట్టున్నది.

ఈ అక్షర చర్చకు కారణం, ఈ నెలాఖరుకు మా కారు పాలసీ గడువు తీరిపోవడం. ఎనిమిదేళ్ళ చిన్న కారు. ఇంజను వెయ్యి సీసీలోపు. ఇన్నాళ్ళూ మా అబ్బాయి హైదరాబాదులో కూర్చుని ఆ పని కానిచ్చేవాడు. ఈ ఏడు "నేనే చూసుకుంటానురా" అన్నాను. విశ్రాంత జీవితంలో తీరికకు కొదవ లేదు. పైగా ఒక గ్రంథాన్ని మూలంలో చదవకుండా వ్యాఖ్యానాల మీద ఆధారపడడం మా గురువులు నేర్పిన పద్ధతి కాదు. బీమా పాలసీ కూడా ఒక గ్రంథమే. దానికి మూలం ఉన్నది, వ్యాఖ్యానాలు ఉన్నవి, ప్రక్షిప్తాలు కూడా ఉన్నవి.

సలహాలకు లోటు రాలేదు. "నాన్నా, పాత బండికి ఫుల్లు ఇన్సూరెన్సు దండగ, థర్డు పార్టీ కట్టేయ్" అన్నాడు మా అబ్బాయి. ఎస్.కోటలో ఏజెంటుగారు కూడా అదే మాట ఇంకొంచెం మర్యాదగా చెప్పారు. షెడ్డులో మేస్త్రి అయితే, "మీరు ఏడాదికోసారి విశాఖపట్నం దిగుతారు, మీకెందుకండీ ఫుల్లు?" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ముగ్గురూ నా మేలు కోరినవారే. ముగ్గురి లెక్కా ఒకటే: కారు విలువ తగ్గిపోయింది గనుక దాని రక్షణ కొరకు పెట్టే ఖర్చు కూడా తగ్గాలి. వినడానికి తర్కం బాగానే ఉన్నది. అయితే ఆ లెక్కలో కారు ఉన్నది గాని, కారులో కూర్చునేవారు లేరు. ఈ కొండల మీద కారులో కూర్చునేది ఒక్క యజమాని కాదు. అసలు సంగతి అక్కడ ఉన్నది. అక్కడికి చేరే ముందు ఈ బజారు స్వరూపం కొంత చెప్పుకోవాలి.

మన దేశంలో మోటారు వాహనాలకు మూడవ పక్షపు బీమా తప్పనిసరి అన్న నియమం 1939 నాటి మోటారు వాహనాల చట్టంలోనిది. ఆ అధ్యాయం అమలులోకి వచ్చినది 1946 జూలై 1న. తరువాత 1988 చట్టం వచ్చినది. అందులో 146వ సెక్షను ఆ నియమాన్ని అట్లాగే నిలబెట్టింది. స్వాతంత్ర్యానంతరం ఈ వ్యాపారం చాలా కంపెనీల చేతుల్లో ఉండేది. 1973 జనవరి 1 నుండి సాధారణ బీమా జాతీయమై, నూట ఏడు సంస్థలు నాలుగు ప్రభుత్వ కంపెనీలుగా కూడినవి: కలకత్తాలో నేషనల్, బొంబాయిలో న్యూ ఇండియా, ఢిల్లీలో ఓరియంటల్, మద్రాసులో యునైటెడ్ ఇండియా. 2000లో మళ్ళీ ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచారు. వీటన్నిటి మీద అజమాయిషీ చేసే నియంత్రణ సంస్థ కార్యాలయం మన హైదరాబాదులోనే ఉన్నది.

తలుపులు తెరిచినా ధరలు కొంతకాలం ప్రభుత్వ పట్టిక ప్రకారమే నడిచాయి. 2007 జనవరి 1 నుండి కారుకు జరిగే సొంత నష్టం తాలూకు ప్రీమియాన్ని కంపెనీలు తమ ఇష్టప్రకారం నిర్ణయించుకోవచ్చునన్నారు. మూడవ పక్షపు ప్రీమియం మాత్రం నేటికీ ప్రభుత్వం ప్రకటించినదే. 2022 జూన్ 1 నుండి అమలులోకి వచ్చిన పట్టిక ప్రకారం వెయ్యి సీసీలోపు సొంత కారుకు రూ. 2,094, పదిహేను వందల లోపు వాటికి రూ. 3,416, ఆ పైవాటికి రూ. 7,897. దానిపై నూటికి పద్దెనిమిది చొప్పున జీఎస్టీ. మా కారుకు అటూ ఇటూగా రూ. 2,471 అవుతుంది. ఈ మొత్తం ఏ కంపెనీ దగ్గర కొన్నా అంతే, ఏజెంటు దగ్గర కొన్నా, అంతర్జాలంలో కొన్నా అంతే. కనుక థర్డు పార్టీ పాలసీ కొరకు నాలుగు దుకాణాలు తిరగడమంటే పోస్టు కార్డు కొరకు నాలుగు పోస్టాఫీసులు తిరగడం వంటిది. బేరం, పోలిక, పోటీ అన్నీ రెండవ భాగంలోనే, అనగా సొంత నష్టపు భాగంలోనే.

ఆ రెండవ భాగంలో చూడవలసినవి నాలుగు మాటలు.

మొదటిది ఐడీవీ. కారు పూర్తిగా నాశనమైనా, దొంగలెత్తుకుపోయినా కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తమిది. కొత్త కారుకు ఆరు నెలలలోపు నూటికి అయిదు, ఏడాదిలోపు పదిహేను, రెండేళ్ళలోపు ఇరవై, ఆ తరువాత ముప్పై, నలభై, యాభై చొప్పున విలువ తరుగుతుంది. అయిదేళ్ళు దాటిన కారుకు పట్టిక లేదు. కంపెనీ, యజమాని కలిసి ఒప్పుకున్నదే విలువ. పాత కార్ల విషయంలో చవక పాలసీ గుట్టు చాలావరకు ఇక్కడే దాగి ఉంటుంది. నాకు వచ్చిన రెండు ధరలలో ఒకటి మూడు వందలు తక్కువగా కనబడింది. తరచి చూస్తే అందులో మా కారు విలువను నలభై వేలు తగ్గించి వేశారు. మూడు వందలు మిగుల్చుకుని నలభై వేలు వదులుకోవడం ఏ లెక్కల మేష్టారూ ఒప్పుకోడు. తెలుగు మేష్టారు మాత్రం ఎందుకు ఒప్పుకోవాలి?

రెండవది నో క్లెయిం బోనసు. క్లెయిము లేకుండా గడిచిన ఏళ్ళను బట్టి ఇరవై, ఇరవై అయిదు, ముప్పై అయిదు, నలభై అయిదు, యాభై శాతం దాకా తగ్గింపు. ఇది సొంత నష్టపు భాగానికే వర్తిస్తుంది. గడువు తీరిన తొంభై రోజులలోపు మళ్ళీ తీసుకోకపోతే కూడబెట్టిన బోనసు మొత్తం పోతుంది. "ఈ ఏడు థర్డు పార్టీ కట్టి, కావాలంటే వచ్చే ఏడు ఫుల్లు కట్టుకుందాం" అనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మూడవది తరుగుదల. బంపరు వంటి ప్లాస్టికు భాగాలకు, టైర్లకు, బ్యాటరీకి సగం ఖర్చే ఇస్తారు. అద్దాలకు మాత్రం కోత లేదు. ఈ కోత లేకుండా ఇచ్చే పాలసీని జనం 'బంపర్ టు బంపర్' అంటారు. ఎనిమిదేళ్ళ కారుకు దానికోసం ప్రాకులాడడం అనవసరమని నా అభిప్రాయం.

నాలుగవది ఏయే ఆపదలకు రక్షణ అన్నది. అగ్ని, పిడుగు, దొంగతనం, అల్లర్లు, వరద, తుఫాను, భూకంపం ఇవి అందరికీ తెలిసినవే. ఆ జాబితాలో చివరి మాటలు కొండవాళ్ళ కోసమే వ్రాసినట్టుంటాయి: కొండచరియలు విరిగిపడడం, రాళ్ళు దొర్లిపడడం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన నాడు మా కొండల మీద కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు విరిగిపడిన తీరు చూసినవారికి ఈ జాబితా ఒట్టి అలంకారంగా తోచదు. థర్డు పార్టీ పాలసీలో వీటిలో ఏ ఒక్కటీ ఉండదు.

ఇంతవరకు కారు గురించి. ఇక మనుష్యుల గురించి.

థర్డు పార్టీ అంటే ఎవరు? బీమా ఒప్పందంలో వాహన యజమాని ఒక పక్షం, కంపెనీ రెండవ పక్షం. ఆ ఒప్పందంలో లేనివాడు, దాని సంగతే తెలియనివాడు, దారిన పోతూ మన బండి వలన నష్టపోయినవాడు మూడవ పక్షం. ఇంగ్లీషు వ్యాకరణంలో కూడా 'అతడు' మూడవవాడే. మన వైయాకరణుల లెక్క వేరు. 'నేను' ఉత్తమ పురుష, 'నీవు' మధ్యమ పురుష, 'వాడు' ప్రథమ పురుష. ఎదుట లేని మనిషికి మన వ్యాకరణం మొదటి పీట వేసింది. తరగతిలో పిల్లలు ఏటేటా అడిగేవారు: "నేను కదండీ ఫస్టు రావాలి?" అని. చట్టం చదివాక వారికి చెప్పడానికి నాకొక మంచి ఉదాహరణ దొరికింది. మోటారు వాహనాల చట్టం మన వ్యాకరణం ప్రకారమే నడిచింది. నీ కారు సొట్టపోతే నీ ఇష్టం, బీమా చేయించుకో, మానుకో. ఆ దారిన పోయే 'వాడి' కోసం మాత్రం చేయించి తీరాలి అన్నది. చేయించకుండా బండి నడిపితే మొదటిసారి రెండు వేల రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. మరోసారి దొరికితే జరిమానా నాలుగు వేలు. 2019 సవరణలో ఈ మొత్తాలు పెంచారు. చట్టం దృష్టిలో ప్రథమ పురుషే ప్రథముడు.

ఇక 'నేను' అన్నవాడి కొరకు వేరే ఏర్పాటు ఉన్నది. యజమానే బండి నడుపుతూ మరణిస్తే పదిహేను లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా 2018 నుండి వచ్చింది. లైసెన్సు ఉన్న యజమానులు దానిని విడిగానైనా తీసుకోవచ్చు. సరే, ఉత్తమ పురుషకూ దారి ఉన్నది.

మరి మధ్యమ పురుష సంగతి ఏమిటి? "ఎక్కవమ్మా, నేను అటే వెళ్తున్నాను" అని కారు ఆపి పిలిచిన మనిషి ఎవరు? ఆమె దారిన పోయే ప్రథమ పురుష కాదు. తలుపు తీసి లోపల కూర్చున్నది. యజమానీ కాదు. మనం 'నీవు' అని సంబోధించిన మనిషి. ఆమెకు ఏమైనా అయితే?

ఈ ప్రశ్న పట్నవాసులకు అంత ముఖ్యంగా తోచకపోవచ్చు. ఇక్కడ అట్లా కాదు. సుంకరిమెట్ట నుండి అరకు దాకా, అరకు నుండి డుంబ్రిగుడ దాకా సంత రోజున కారులో వెళ్ళి చూడండి. తలమీద పసుపు మూట, చంకలో పిల్ల, చేతిలో కోడి పట్టుకుని రోడ్డు పక్కన నడిచిపోయే తల్లులు ఎందరో. బస్సు ఎప్పుడో ఒకటి వస్తుంది. రోగం వస్తే ఊరి నుండి రోడ్డు దాకా డోలీ. రోడ్డు మీదికి చేరాక దొరికిన బండి. ఖాళీ సీటుతో కారు దాటించుకుపోవడం ఇక్కడ మర్యాద కాదు. ముప్పై ఏళ్ళు ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసిన నాకు ఆ నడిచేవారిలో సగం మంది నా శిష్యుల తల్లులో, శిష్యురాళ్ళో అయి ఉంటారు. కారు కొన్న నాటి నుండి వెనుక సీటు ఖాళీగా అరకు చేరిన రోజు అరుదు.

అందుకని ఏజెంటుగారిని ఈ ఒక్క ప్రశ్నే అడిగాను: "థర్డు పార్టీ పాలసీ తీసుకుంటే, నేను దారిలో ఎక్కించుకున్న మనిషికి దెబ్బ తగిలితే కంపెనీ పరిహారం ఇస్తుందా?" ఆయన "ఇస్తుంది సార్, ఆమె కూడా థర్డు పార్టీయే కదా" అన్నారు. మాట తియ్యగా ఉన్నది గాని మూలంలో లేదు. స్కూటరు వెనుక కూర్చుని వెళ్ళిన మనిషి విషయంలో 2006లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: చట్టం తప్పనిసరి చేసినంత మేరకే తీసుకున్న పాలసీలో, డబ్బివ్వకుండా ఊరికే ఎక్కి కూర్చున్నవారి బాధ్యత కంపెనీ మీద ఉండదు. ఆ తర్కం కారు వెనుక సీటుకూ వర్తిస్తుంది. అప్పుడు పరిహారం ఎవరివ్వాలి? కారు యజమాని. నా పింఛను నుండి. ఇవ్వలేకపోతే ఆ కుటుంబం చేతిలో మిగిలేది ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పు కాగితం ఒక్కటే.

ఫుల్లు పాలసీ అయితే సంగతి వేరు. జనం 'ఫుల్లు' అనే దానిని కంపెనీలు ప్యాకేజీ పాలసీ అంటాయి. ప్యాకేజీ పాలసీలలో కారులో కూర్చున్నవారి బాధ్యతా, స్కూటరు వెనుక కూర్చున్నవారి బాధ్యతా చేరి ఉన్నదని నియంత్రణ సంస్థ 2009 నవంబరులో కంపెనీలకు సర్క్యులరు ద్వారా తెలియజేసింది. 2012లో సుప్రీంకోర్టు ఆ తేడాను గుర్తించింది: ఒట్టి చట్టపు పాలసీ వేరు, ప్యాకేజీ పాలసీ వేరు. మా కారుకు ఈ రెంటికీ మధ్య తేడా, ఉన్న బోనసు పోను, ఏడాదికి సుమారు రెండు వేల రూపాయలు. మా అబ్బాయి లెక్కలో ఆ రెండు వేలు సొట్టపోయిన బంపరు కొరకు. నా లెక్కలో అవి వెనుక సీటు కొరకు. సొట్టలతో కారు ఎన్నాళ్ళయినా తిరుగుతుంది.

ఇక్కడ ఇంకొక మెలిక ఉన్నది. సొంత కారు పాలసీలో 'వాడుకకు పరిమితులు' అని ఒక పేరా ఉంటుంది. కిరాయికి గాని ప్రతిఫలానికి గాని మనుష్యులను ఎక్కించుకుంటే అది పాలసీ షరతును దాటినట్టే. మా దారిలో దిగేటప్పుడు పదో ఇరవయ్యో చేతిలో పెట్టబోతారు. నేను పుచ్చుకోను, అది పుణ్యం కొరకు కాదు, పాలసీ కొరకు. అయితే ఒక ముసలమ్మ మాత్రం దిగేటప్పుడు అడ్డాకులో చుట్టిన గుప్పెడు రాజ్మా గింజలు సీటు మీద వదిలిపెట్టి పోతుంది. పిలిచినా వెనుదిరగదు. ఆ గింజలు ప్రతిఫలమా, ప్రేమా అన్న మీమాంస ఏ న్యాయస్థానం ముందుకూ వెళ్ళకుండుగాక!

ఘాట్ రోడ్డు ప్రమాదాలు పుస్తకంలో సంగతులు కావు. 2021 ఫిబ్రవరి 12 రాత్రి అనంతగిరి ఘాట్‌లో డముకు దగ్గర హైదరాబాదు యాత్రికుల బస్సు లోయలో పడి నలుగురు మరణించారు, ఎందరో గాయపడ్డారు. ప్రమాదం జరిగిన మొదటి గంటను చట్టం 'గోల్డెన్ అవర్' అంటున్నది. 2025 మేలో వచ్చిన పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకు నిర్దేశించిన ఆసుపత్రులలో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల వరకు నగదు కట్టకుండా చికిత్స చేయాలి. చాలా మంచి పని. అయితే ఇక్కడి నుండి కె.జి.హెచ్.కు దిగేవారికి ఆ బంగారు గంట ఘాట్ మలుపులలోనే కరిగిపోతుంది. గుద్ది పారిపోయిన బండి ఏదో తెలియని కేసులలో మరణానికి రెండు లక్షలు, తీవ్ర గాయానికి యాభై వేలు ఇచ్చే ఏర్పాటు 2022 ఏప్రిల్ నుండి ఉన్నది; అంతకుముందు అవి పాతిక వేలు, పన్నెండున్నర వేలు మాత్రమే. బాధితులు తాము నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే పరిహారపు దరఖాస్తు వేసుకోవచ్చు. ఈ మూడు సంగతులూ తెలిసిన గిరిజన కుటుంబాలు మా ప్రాంతంలో నాకు ఎక్కువగా కనబడలేదు. పాలసీ ఉండేది ఇంగ్లీషులో. ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. బడిలో నేర్చినది నా తెలుగు. మూడు భాషల మధ్య మనిషి హక్కు ఎక్కడో జారిపోతుంది.

నేను పాలసీలు ముందేసుకుని చదువుతున్నానని విని, నా పాత శిష్యుడొకడు తన బండి కాగితాలు పట్టుకుని వచ్చాడు. చిన్న నాలుగు చక్రాల సరుకుల బండి. ముందు డ్రైవరు పక్కన ఒక సీటు, వెనుక తొట్టి. వారమంతా అనాసపళ్ళు, అల్లం, సిమెంటు మోస్తాడు. సంత రోజున మనుష్యులను మోస్తాడు.

"మేష్టారూ, నాది ఫుల్లేనండీ. నాకు బెంగనేదు గదా?" అన్నాడు.

చదివాను. ఫుల్లే. అయితే సరుకుల బండికి ఫుల్లు పాలసీ ఉన్నా తొట్టిలో ఎక్కినవారికి ఆ 'ఫుల్లు' చేరదు. సరుకుల వాహనంలో ఊరికే ఎక్కిన ప్రయాణికుల బాధ్యత కంపెనీది కాదని 2002 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఒక్క మినహాయింపు ఉన్నది. 1994 సవరణ ద్వారా, సరుకుతోపాటు ప్రయాణం చేసే సరుకు యజమానికీ, అతని ప్రతినిధికీ రక్షణ కల్పించారు. అనగా తన పసుపు మూటతో ఎక్కిన ఆసామికి చట్టంలో చోటున్నది. అతని పక్కనే ఉత్త చేతులతో ఎక్కిన చుట్టానికి లేదు. మూటే టిక్కెట్టు. అదైనా సంపూర్ణం కాదు. 2007లో మన రాష్ట్రం నుండే వెళ్ళిన ఒక వ్యాజ్యంలో, సరుకు యజమాని అయినా క్యాబినులో కూర్చుని ఉండాలి గాని సరుకు మీద కాదని కోర్టు అన్నది.

ఇదంతా వీలైనంత తేలిక తెలుగులో వాడికి చెప్పాను. లైసెన్సు సంగతి కూడా చెప్పాను: ఏడున్నర టన్నుల లోపు బండికి లైట్ మోటారు వాహనపు లైసెన్సు చాలునని 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది గనుక ఆ వైపు వాడికి భయం లేదు. వాడు ఆ శుభవార్త విన్నట్టే లేదు. కాసేపు తొట్టివైపు చూసి అన్నాడు:

"మరి మాయమ్మ ఎక్కితేనండీ?"

"మూట ఆమెదేనా?"

"ఆమెదేనండి. పిప్పళ్ళు, చింతపండు."

"అయితే ముందు సీటులో కూర్చోబెట్టు. మూట కూడా అదే బండిలో ఉండాలి."

"ముందు సీటు ఒక్కటే గదా మేష్టారూ. సంతకెళ్ళేవోలు పన్నెండు మంది. నేను ఎక్కించుకోనంటే నడిచే వస్తారు, ముసిలోలు కూడాను."

దీనికి నా దగ్గర సమాధానం లేదు. చట్టం తన మాట తాను చెప్పింది. సరుకుల బండి మనుష్యులను మోయడానికి కాదు, నిజమే. వాడూ తన మాట తాను చెప్పాడు. మనుష్యులను మోసే బండి ఆ ఊరికి రాదు, అదీ నిజమే. ఈ రెండు నిజాల మధ్య తొట్టిలో నిలబడి, పక్క కమ్మీ పట్టుకుని, పన్నెండు మంది ప్రతి వారం ఘాట్ మలుపులు తిరుగుతున్నారు. 2022 ఏప్రిల్‌లో మాకు కొత్త జిల్లా వచ్చింది, అల్లూరి సీతారామరాజు పేరు వచ్చింది, జాతీయ రహదారి వెడల్పవుతున్నది. సంత రోజున ఇంకొక రెండు బస్సులు నడిపితే ఈ సమస్యలో సగం తీరుతుంది. మిగిలిన సగానికి, మనుష్యులను ఎక్కించుకోవడానికి పర్మిటు, ఆ మేరకు బీమా ఉన్న చిన్న బండ్లు ఈ గిరిజన యువకులకు అందేట్టు చూడాలి. ఇవి పెద్ద పెద్ద ప్రణాళికలు కావు. ఒక కలెక్టరు కార్యాలయపు మధ్యాహ్నం పని.

వాడు ఆ పర్మిటు కోసం అడుగుతానన్నాడు. దరఖాస్తు నేను వ్రాసి ఇచ్చాను. అందాకా ముందు సీటు ఎవరికివ్వాలో వాడే ఒక కట్టుబాటు పెట్టుకున్నాడు: గర్భిణి ఉంటే గర్భిణికి, లేకపోతే అందరికంటె పెద్దామెకు. వాళ్ళమ్మ వరుసలో రెండో మూడో అవుతుందట. విని నాకు చాలా గర్వం కలిగింది. భయం మాత్రం తగ్గలేదు.

నా సంగతి చెప్పి ముగిస్తాను. ప్యాకేజీ పాలసీయే తీసుకున్నాను. ఐడీవీ తగ్గించనిది, బోనసు నిలిచినది, అదనపు హంగులు లేనిది. మా అబ్బాయి "అయితే రెండు వేలు పోయాయి నాన్నా" అన్నాడు. పోలేదని చెప్పాను, వెనుక సీటులో ఉన్నాయని చెప్పాను.

కారున్న చదువరులకు నా మనవి ఒక్కటే. ఈ పూట మీ పాలసీ కాగితం తీసి చూడండి. దాని మీద 'లయబిలిటీ ఓన్లీ' అని ఉన్నదా, 'ప్యాకేజీ' అని ఉన్నదా? దారిన పోయే 'వాడు' అందులో తప్పక ఉంటాడు, చట్టం వదిలిపెట్టదు. 'నేను' అన్నవాడిని మనం ఎటూ మరిచిపోము. మీరు తలుపు తీసి "నువ్వు ఎక్కు" అన్న మనిషి అందులో ఉన్నదో లేదో చూడండి. లేకపోతే గడువు దాకా ఆగకండి.